అంట్లు తోమే స్పాంజిని క్రిములు లేకుండా ఉంచుకోవడం ఎలా?

సింకు పక్కనున్న స్పాంజిని ఒకసారి చేతిలోకి తీసుకుని గట్టిగా పిండండి. కారే నీళ్లను చూడండి. తేటగా ఉన్నాయా, కుడితిలా మసకగా ఉన్నాయా? ఇప్పుడు దాన్ని వెలుతురులో తిప్పి అంచులు పరిశీలించండి. ఎండిన మెతుకు ముక్క, ఆవగింజ పొట్టు, పసుపు చార, ఆకుపచ్చ పీచుకూ మెత్తని భాగానికీ మధ్య అతుకులో నల్లటి గీత కనబడుతున్నాయా? చివరగా వాసన చూడండి. నీచు వాసనో, మాగిన వాసనో వస్తే దాన్ని బాగుచేసే ప్రయత్నం మానేసి ఇప్పుడే పారేయండి. కింద చెప్పేవన్నీ కొత్త స్పాంజితో మొదలుపెట్టండి.

క్రిములు పెరగడానికి కావలసినవి మూడు: తడి, తిండి, వెచ్చదనం. స్పాంజిలో ఈ మూడూ ఉంటాయి. దాని నిండా సన్నని రంధ్రాలు, ప్రతి రంధ్రంలో కాస్త నీరు, కాస్త ఎంగిలి. ఇక మన వంటగది ఉష్ణోగ్రత ఏడాదిలో ఎక్కువ నెలలు బ్యాక్టీరియాకు హాయిగానే ఉంటుంది. 2017లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇళ్లలో వాడిన 14 స్పాంజిలను తెచ్చి పరీక్షించారు. కొన్నిచోట్ల ఒక్క ఘన సెంటీమీటరులోనే 5,400 కోట్ల దాకా బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది.

అంకె చూసి కంగారు పడనక్కరలేదు. వాటిలో అత్యధికం ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఏమీ చేయవు. పచ్చి కోడిమాంసం, గుడ్డు సొన తగిలిన స్పాంజితోనే పాలగ్లాసు కడగడం మాత్రం ప్రమాదం. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఉంటే ఆ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అదే పరిశోధనలో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. తమ స్పాంజిని తరచూ శుభ్రం చేస్తామని చెప్పినవారి స్పాంజిలలో కూడా బ్యాక్టీరియా తక్కువేమీ లేదు. పైగా దుర్వాసనకు కారణమయ్యే రకాల వాటా వాటిలోనే ఎక్కువగా కనిపించింది. వేడిచేసినప్పుడు చాలా క్రిములు చస్తాయి, కొన్ని మిగులుతాయి. స్పాంజి తడిగానే ఉంటే ఆ మిగిలినవి ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. అందువల్ల ఉడకబెట్టడం, మందు నీళ్లలో నానబెట్టడం రెండో పని. మొదటి పని స్పాంజిని ఆరనివ్వడం. మన ఇళ్లలో ఎక్కువగా జరగనిది అదే.

స్పాంజి ముట్టుకోకముందు

ఎంగిలి పళ్లేన్ని నేరుగా స్పాంజితో తోమకండి. మెతుకులు, కరివేపాకు, ఎముకలు, చింతపండు పిప్పి అన్నీ ముందు చెత్తబుట్టలోకి తీసేయండి. తర్వాత కుళాయి కింద పెట్టి చేత్తో ఒకసారి తుడిచినట్టు కడగండి. స్పాంజికి అప్పుడు జిడ్డు మాత్రమే మిగలాలి.

స్పాంజిని తొందరగా పాడుచేసేవి పిండి పదార్థం, పాలు, గుడ్డు. అన్నం గిన్నె అడుగు, దోసెల పిండి గిన్నె, పెరుగు తోడుపెట్టిన పాత్ర, పాలు కాచిన గిన్నె, ఆమ్లెట్ పెనం ఈ జాబితాలోకే వస్తాయి. వీటిలో నీళ్లు పోసి పావుగంట వదిలేస్తే సగం మురికి తానే ఊడుతుంది. పిండి గిన్నెకు చన్నీళ్లు వాడండి, వేడినీళ్లు పోస్తే పిండి ఉడికి జిగురులా అంటుకుంటుంది. గుడ్డు సొనకూ అంతే. అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద ఒక ఉడుకు రానిచ్చి, చెక్క గరిటెతో గీకండి. ఇవన్నీ స్పాంజితోనే వదిలించాలని చూస్తే దాని రంధ్రాల నిండా గంజి చేరుతుంది. పైకి ఎంత కడిగినా ఆ గంజి లోపలే పులుస్తుంది.

ఒక్క స్పాంజితో అన్ని పనులూ వద్దు

గిన్నెలు, వంటగట్టు, పొయ్యి, సింకు, ఒక్కోసారి నేల మీద ఒలికిన పాలు కూడా ఒకే స్పాంజితో తుడిచే ఇళ్లు ఉన్నాయి. సింకు లోపలి జాలీని రుద్దిన స్పాంజి మళ్లీ మంచినీళ్ల గ్లాసులోకి వెళ్లకూడదు. రంగులు వేరుగా ఉన్నవి కొని, ఏ రంగు దేనికో ఇంట్లో అందరికీ తెలిసేలా చెప్పండి. గిన్నెలకు ఒకటి, పొయ్యికీ సింకుకూ మరొకటి ఉంటే చాలు. గట్టుకు గుడ్డ వాడండి. గుడ్డను ఉతకవచ్చు, ఉడకబెట్టవచ్చు, ఎండలో దండెం మీద ఆరేయవచ్చు.

మాంసం విషయంలో మాత్రం ఇంకాస్త పట్టుదల కావాలి. కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. వండితే చస్తాయి కాబట్టి కూరతో భయం లేదు. మాంసం కడిగిన గిన్నె, కోసిన పీట, కత్తి, సింకు మీద పడిన తుంపరలతోనే భయం. ఆ పీటనూ గిన్నెనూ స్పాంజితో ముట్టుకోకండి. ముందు పీట మీది రక్తం, కొవ్వు పాత కాగితంతో తుడిచి పారేయండి. తర్వాత సబ్బునీళ్లు, చేయి, లేదా దానికోసమే పెట్టుకున్న బ్రష్షు వాడండి. చివరగా పీట మీద మరిగే నీళ్లు పోయండి. ముక్కలు కడిగే అలవాటు మానలేకపోతే కుళాయి ధార కింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడగండి, తుంపరలు తగ్గుతాయి. చేపలు కడిగిన గిన్నెకు శనగపిండి రాసి చేత్తో రుద్దడం మనకు తెలిసిందే. నీచు వాసన దానితో పోతుంది. క్రిములు పోవు కాబట్టి సబ్బు, వేడినీళ్లు ఆ తర్వాత కూడా కావాలి.

పాలసీసాలకు స్పాంజి అసలు వద్దు. వాటికి విడిగా సీసా బ్రష్షు ఉండాలి.

సబ్బు డబ్బా సంగతి

గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో గిన్నెలు తోమే సబ్బు బిళ్ల, దాని మీద స్పాంజి, ఇది దాదాపు ప్రతి ఇంటి సింకు మీదా కనబడే ఏర్పాటు. డబ్బాను వంచి చూడండి. అడుగున బూడిదరంగు నీళ్లు, అందులో కరిగిన సబ్బు గుజ్జు, ఆ గుజ్జులో తేలే ఎంగిలి తునకలు ఉంటాయి. స్పాంజిని గిన్నె మీద రుద్దిన ప్రతిసారీ, మళ్లీ సబ్బుకోసం డబ్బాలో ముంచినప్పుడు, గిన్నె మురికి కొంత ఆ నీళ్లలో దిగుతుంది. రాత్రంతా స్పాంజి అందులోనే నానుతుంది. సబ్బులో ఉంది కదా, క్రిములు ఎలా బతుకుతాయని చాలామంది అనుకుంటారు. సబ్బు జిడ్డునూ దానితోపాటు క్రిములనూ గిన్నె మీదినుంచి ఊడదీస్తుంది, నీళ్లు వాటిని కొట్టుకుపోయేలా చేస్తాయి. డబ్బాలో నీళ్లు ఎక్కడికీ పోవు. ఊడివచ్చిన మురికి అక్కడే ఉండిపోతుంది.

దీన్ని మార్చడం సులువు. అడుగున రంధ్రాలున్న సబ్బు డబ్బా కొనండి. ఉన్న డబ్బానే వాడాలనుకుంటే మేకును వేడిచేసి అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టి, డబ్బాను సింకు అంచున నీరు సింకులోకి కారేలా ఉంచండి. స్పాంజిని ఎప్పుడూ సబ్బు మీద పెట్టకండి, దానికి వేరే చోటు చూపండి. డబ్బాను రోజూ రాత్రి ఖాళీచేసి కడగండి. జిగటగా నాచు పట్టిన డబ్బాలో కొత్త స్పాంజి పెడితే రెండు రోజుల్లో పాతదానిలాగే తయారవుతుంది.

సబ్బునీళ్లు కలిపి వాడేవారు ఏ పూటకాపూట చిన్న గిన్నెలో కొద్దిగా కలుపుకుని, తోమడం అయ్యాక మిగిలింది పారబోయండి. ఉదయం కలిపిన నీళ్లు రాత్రికి దాచకండి.

తోమడం అయ్యాక

1. స్పాంజిని ధారగా వచ్చే నీళ్ల కింద పట్టి, నురగ రావడం ఆగేదాకా నొక్కుతూ వదులుతూ కడగండి. నురగ మిగిలిందంటే లోపల జిడ్డు కూడా మిగిలినట్టే.

2. అంచుల్లో చిక్కిన తునకలను వేలితో తీసేయండి. అతుకు దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి.

3. రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కి పిండండి. బట్టలా మెలితిప్పితే అతుకు ఊడుతుంది.

4. పడుకోబెట్టకుండా నిలబెట్టండి, లేదా క్లిప్పుతో వేలాడదీయండి. అన్ని వైపులా గాలి తగలాలి. సింకు లోపల, మూత ఉన్న డబ్బాలో, కుళాయి వెనక తడి మూలలో పెట్టకండి. చెంచాలు పెట్టుకునే జాలీ బుట్ట లాంటిది కిటికీకి తగిలిస్తే మంచి చోటు దొరికినట్టే.

పగలు పదకొండు గంటలకు అంట్లు అయిపోతే సాయంత్రం దాకా స్పాంజి బాల్కనీలో ఎండలో ఉండవచ్చు. ఎండ వేడికి నీరు పోతుంది, వెలుతురు కూడా కొంత పని చేస్తుంది. ఖర్చు లేని ఈ పనిని మించిన ఉపాయం మన ప్రాంతంలో లేదనే చెప్తాను. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్ల ఉక్కపోతలో స్పాంజి రోజంతా ఆరదు. అలాంటప్పుడు రెండు స్పాంజిలు పెట్టుకుని ఒక రోజు ఒకటి, మరుసటి రోజు మరొకటి వాడండి. మందమైన స్పాంజి బదులు పలచని ఆకుపచ్చ పీచు మాత్రమే వాడినా త్వరగా ఆరుతుంది. నాకైతే స్టీలు గిన్నెల ఇంటికి ఈ పలచని పీచే సరైనదనిపిస్తుంది. మెత్తని స్పాంజి అవసరం గాజు గ్లాసులకూ నాన్‌స్టిక్ పెనానికీ మాత్రమే.

వేడితో క్రిములను చంపడం

2007లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు స్పాంజిలను మాంసం రసంలో నానబెట్టి, రకరకాల పద్ధతులు పరీక్షించారు. 3 నిమిషాలు బ్లీచ్ నీళ్లలో, ఒక నిమిషం నిమ్మరసంలో, ఒక నిమిషం మామూలు శుద్ధజలంలో నానబెట్టినవాటిలో 37 నుంచి 87 శాతం బ్యాక్టీరియా మాత్రమే చచ్చింది. ఒక నిమిషం మైక్రోవేవ్‌లో పెట్టినవాటిలో, ఆరబెట్టే దశ ఉన్న డిష్‌వాషర్‌లో పెట్టినవాటిలో దాదాపు అంతా చచ్చింది. వేడికి ఉన్న బలం మందు నీళ్లకు లేదన్నమాట. మైక్రోవేవ్, డిష్‌వాషర్ లేకపోయినా లోటు లేదు. పొయ్యి మీద మరిగే నీళ్లు చాలు.

ఉడకబెట్టడానికి వంటకు వాడని పాత గిన్నె ఒకటి కేటాయించండి. ముందు స్పాంజిలోని సబ్బంతా వదిలించాలి, లేకపోతే నురగ పొంగి పొయ్యి మీద పడుతుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు స్పాంజిని వేయండి. అది పైకి తేలుతుంది, తేలిన వైపు వేడి సరిగా తగలదు. గరిటెతో అదిమి లోపలి గాలి బుడగలు పోయేదాకా పట్టుకోండి, లేదా పైన చిన్న స్టీలు గిన్నె బరువుగా పెట్టండి. 5 నిమిషాలు తెర్లనిచ్చి పొయ్యి కట్టేయండి. పట్కారుతో తీసి, చల్లారాక మాత్రమే పిండండి. లోపల వేడి నీరు చాలాసేపు నిలుస్తుంది, చెయ్యి కాలుతుంది. తర్వాత ఎండలో పెట్టండి. ఇది రెండు మూడు రోజులకు ఒకసారి చేస్తే సరిపోతుంది. పొరపాటున పచ్చి మాంసం తగిలితే ఆ పూటే చేయండి, లేదా పారేయండి. ప్రెషర్ కుక్కర్‌లో మాత్రం ఉడకబెట్టకండి. ఊడిన పీచు తునకలు ఆవిరి గొట్టానికి అడ్డుపడవచ్చు.

మైక్రోవేవ్ వాడేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. స్పాంజి నీళ్లతో నిండుగా తడిసి ఉండాలి. 2007లోనే అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మైక్రోవేవ్ పద్ధతి గురించి ప్రకటించాక, పొడి స్పాంజిని పెట్టి నిప్పు అంటించుకున్నవారు ఫిర్యాదు చేశారు. తడిపి పెట్టమని విశ్వవిద్యాలయం మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది. స్పాంజిని తడిపి, నీళ్లున్న గాజు గిన్నెలో పెట్టి, ఒకటి రెండు నిమిషాలు వేడిచేయండి. అంతసేపూ పక్కనే ఉండండి. స్టీలు పీచు, లోహపు తీగ కలిసిన స్క్రబ్బర్ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి. తీయడానికి పది నిమిషాలు ఆగండి.

బ్లీచ్ వాడక తప్పని పరిస్థితి ఉంటే, ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం నాలుగు టీస్పూన్లు లీటరు చన్నీళ్లలో కలిపి, శుభ్రంగా కడిగిన స్పాంజిని 5 నిమిషాలు నానబెట్టండి. తర్వాత నీళ్లతో బాగా కడగండి. ప్లాస్టిక్ గిన్నె వాడండి, బ్లీచ్ స్టీలును తినేస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి. బ్లీచ్‌లో నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూం కడిగే యాసిడ్ కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అమోనియా ఉన్న క్లీనర్లతో కలిపినా విషవాయువులే వస్తాయి. రెండూ కలిపితే రెట్టింపు పని చేస్తాయనుకుని ప్రాణం మీదికి తెచ్చుకోకండి. పొడి రూపంలోని బ్లీచింగ్ పౌడర్ నిల్వలో బలం కోల్పోతుంది, కాబట్టి దాని కొలతను నమ్మలేం.

ఉప్పు, పసుపు, వంటసోడా, నిమ్మచెక్క స్పాంజి వాసనను కొంత తగ్గిస్తాయి. వాసన తగ్గిందని క్రిములు పోయాయనుకోవద్దు. ఫ్రీజర్‌లో పెట్టినా లాభం లేదు. చలికి బ్యాక్టీరియా ఎక్కువగా నిద్రపోతుందే తప్ప చావదు. గాయాలకు వాడే యాంటీసెప్టిక్ ద్రావణాన్ని తినే పళ్లేలు తోమే స్పాంజికి పట్టించడం కూడా మంచిది కాదు. స్పాంజిలో ఎంగిలి మిగిలి ఉంటే అలాంటి మందుల బలం ఎలాగూ తగ్గిపోతుంది.

ఎప్పుడు పారేయాలి?

జర్మనీ పరిశోధకుల సలహా వారానికొకటి మార్చమని. మెత్తని స్పాంజి విషయంలో నేను దానితో ఏకీభవిస్తాను. పలచని పీచును రోజూ ఆరబెట్టి, అప్పుడప్పుడు ఉడకబెడుతూ ఉంటే రెండు వారాలు రావచ్చు. కానీ తేదీకంటే ముందే ఈ గుర్తులు కనబడితే ఆగకండి: కడిగి పిండిన తర్వాత కూడా వాసన రావడం, చేతికి జిగటగా తగలడం, అతుకు ఊడటం, పొడిపొడిగా రాలడం, నల్లని చుక్కలు. ఒకసారి ఉడకబెట్టి ఆరబెట్టినా మర్నాటికి వాసన మళ్లీ వస్తే దాని పని అయిపోయింది.

చింకి పీలికలయ్యేదాకా వాడటం పొదుపు కాదు. పదీ ఇరవై రూపాయల వస్తువును నెల రోజులు లాగి, ఇంటిల్లిపాదికీ కడుపునొప్పి తెచ్చుకోవడంలో మిగిలేదేమీ లేదు. ఖర్చు తగ్గించుకోవాలంటే పెద్ద స్పాంజిని కత్తెరతో రెండు ముక్కలు చేయండి. చిన్న ముక్క త్వరగా ఆరుతుంది కూడా. పాతదాన్ని బాత్‌రూం కుళాయిలకు వాడుకోవాలనుకుంటే ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టండి, అది తిరిగి వంటగదికి రాదు.

అంట్లు తోమడానికి ఒకరు వచ్చే ఇంట్లో

పై పద్ధతులన్నీ ఆమెకు తెలిసి ఉండాలంటే మనం చెప్పాలి, కావలసినవి మనమే కొనిపెట్టాలి. ఒక ఇంట్లో వాడిన పీచు మరో ఇంటికి తీసుకెళ్లే అవసరం ఆమెకు రాకూడదు. కొత్త స్పాంజిలు ఆమె చేతికి అందేచోట పెట్టి, "అడగక్కరలేదమ్మా, పాతదైతే పారేసి కొత్తది తీసుకో" అని చెప్పండి. అడగాలంటే మొహమాటపడి పాడైనదానితోనే నెట్టుకొస్తారు. రోజంతా తడిలో ఉండే ఆ చేతులు పగిలి ఉంటే చేతితొడుగులు కూడా కొనివ్వండి. పగిలిన చర్మంలోకి క్రిములు సులువుగా పోతాయి. ఎంగిలి తీసేసి, గిన్నెలు నానబెట్టి ఉంచడం మన వంతు.

మసిగుడ్డ, గట్టు గుడ్డ

స్పాంజి మీద ఇంత శ్రద్ధ పెట్టి, పక్కనే తడి మసిగుడ్డను కుప్పగా వదిలేస్తే ఫలితం సగమే. గిన్నెలు దించే గుడ్డ, గట్టు తుడిచే గుడ్డ, చేతులు తుడుచుకునే గుడ్డ మూడూ వేరుగా ఉండాలి. రోజూ సబ్బుతో ఉతికి పరిచి ఆరేయండి. వారానికి రెండుసార్లు మరిగే నీళ్లలో వేయండి. పాత కాటన్ చీర ముక్కలు దీనికి చక్కగా పనికొస్తాయి: పలచగా ఉండి గంటలో ఆరుతాయి, చిరిగితే పారేయడానికి మనసు వెనకాడదు.

స్పాంజి బదులు

పొడవాటి పిడి ఉన్న గిన్నెల బ్రష్షును ఒకసారి వాడి చూడండి. నార్వేలోని నోఫిమా పరిశోధన సంస్థ స్పాంజిలనూ బ్రష్షులనూ పోల్చి చూసినప్పుడు, బ్రష్షులు త్వరగా ఆరడం వల్ల వాటిలో సాల్మొనెల్లా తగ్గిపోయింది, తడి స్పాంజిలో మాత్రం బతికింది. చెంబులు, సీసాలు, కుక్కర్ మూత అంచులు, మిక్సీ జార్ బ్లేళ్ల చుట్టూ బ్రష్షు చేరినంతగా స్పాంజి చేరదు. జిడ్డు పెనాలకూ వెడల్పాటి పళ్లేలకూ మాత్రం పీచే నయం.

పెరట్లో నేతిబీర పాదు ఉన్నవారికి ఇంకో దారి ఉంది. కాయను తీగమీదే పూర్తిగా ఎండనిచ్చి, తొక్క వలిచి, గింజలు దులిపి, లోపలి పీచును బెత్తెడు ముక్కలుగా కోసుకోండి. అది కూడా తడిగా వదిలేస్తే పాడవుతుంది, కాబట్టి పిండి ఎండలో పెట్టే నియమం దానికీ వర్తిస్తుంది. వారం వాడి ఎరువు గుంటలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. గింజలు దాచుకుంటే వచ్చే తొలకరికి మళ్లీ పాదు పెట్టుకోవచ్చు.